గదిలో ఇద్దరు
(తొమ్మిదో వారం)

కిందటి వారం మీరు పత్రిక మూసేసరికి నేను బాత్రూంలో పొడి టవలు ఒకటి కుళాయి కింద పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎందుకో మరిచిపోయినవాళ్లకీ, అసలు మొదలే తెలియనివాళ్లకీ నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మిగతావాళ్లు విసుక్కోకండి.

నేను కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పని చేస్తాను. మా ఆయన లిఫ్టులు బాగు చేస్తాడు. ఊళ్లో అందరినీ పైకీ కిందికీ పంపించే మనిషి, ఇంటికొస్తే సోఫాలోంచి కదలడు. పెళ్లయిన ఏడేళ్లకి, నా పోరు పడలేక, ఈ సరస్సు ఒడ్డున హోటల్లో వారం రోజులకి గది మాట్లాడాడు. దంపతుల కోసమే ప్రత్యేకంగా కట్టిన గదట. తీరా బయల్దేరడానికి పన్నెండు రోజుల ముందు, పొద్దున్నే టీ తాగుతూ, కప్పులోకి చూస్తూ, "నేను నీతో ఉండలేను" అన్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అంటే లేరన్నాడు. నేను చేసిన తప్పేంటంటే ఏమీ లేదన్నాడు. ఆ సాయంత్రమే స్నేహితుడి గదికి వెళ్లిపోయాడు. తప్పు ఫలానా అని చెబితే దిద్దుకుంటాను. ఏ తప్పూ లేదంటే నేనేం చెయ్యాలి, మీరే చెప్పండి.

మా అమ్మకి చెప్పలేదు, అన్నయ్యకి చెప్పలేదు. "ఇద్దరూ జాగ్రత్తగా వెళ్లి రండే" అని అమ్మ మురిసిపోతుంటే నోరు పెగల్లేదు. అందుకే సోమవారం ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చేశాను. దిగగానే ఆయనకి గది నంబరు మెసేజ్ పెట్టాను. ఒక్క మాట కూడా రాయలేదు, ఉత్త నంబరే. అది చూసి వస్తాడనే నా పిచ్చి ఆశ. ఇవాళ శుక్రవారం. ఆయన ఫోను స్విచ్చాఫ్.

హోటలు కౌంటర్లో మాత్రం "సార్ వెనకాల వస్తున్నారు" అన్నాను. మర్నాటికి "సార్ వచ్చారు, పడుకున్నారు" అన్నాను. ఇక ఆ అబద్ధానికి అన్నం పెట్టి పోషించడమే నా పనైపోయింది. రోజూ రెండు కాఫీలు తెప్పిస్తాను, రెండోది సింకులో పోస్తాను. రెండో దిండు మీద మోచేత్తో గుంట నొక్కుతాను. రెండో టవలు తడిపి ఆరేస్తాను. ఎవరి కోసం అంటే, గది సర్దే మనిషి కోసం. ఆవిడెవరో నాకు తెలియదు, నేనెవరో ఆవిడకి తెలియదు. అయినా ఆవిడ నన్ను చూసి జాలిపడితే భరించలేననిపించింది.

సరే, కథలోకి వద్దాం.

పావుతక్కువ పదికి తలుపు చప్పుడైంది. టవలు గబగబా పిండి కమ్మీ మీద పడేసి వెళ్లి తీశాను.

తాళాలక్క. నేను పెట్టుకున్న పేరే అది. మా అంతస్తులో గదులన్నీ సర్దేది ఆవిడే. వయసు యాభై దాటి ఉంటుంది. నడుముకి ఇంత తాళాల గుత్తి. మోకాళ్ల నొప్పులేమో ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. ఆవిడ కంటే ముందు ఆ గుత్తి చప్పుడే గదిలోకొస్తుంది.

"సర్దమంటారా మేడం?"

"రండి రండి. సార్ ఇప్పుడే అలా నడిచొస్తానని వెళ్లారు."

ఈ ఐదు రోజుల్లో ఆయన ఎన్ని నడకలు నడిచాడో! ఇంట్లో చెత్తబుట్ట దాకా నడిచిన పాపాన పోలేదు.

ఆవిడ దుప్పటి లాగింది. దిండు గలీబులు తీసింది. బాత్రూంలోకి వెళ్లి రెండు టవళ్లూ చెరో చేత్తో పట్టుకొచ్చింది. మామూలుగా వాటిని బండిలో పడేసి వెళ్లిపోతుంది. ఇవాళ పడెయ్యలేదు. కాలితో తలుపు దగ్గరగా నెట్టింది.

"మేడం, ఒక మాటంటే ఏమీ అనుకోరుగా?"

"అనండి."

"రేపట్నుంచి ఈ రెండోది తడపకండి. ఉతికేవాళ్లకి ఊరికే పని."

నాకు తల కొట్టేసినట్టయింది. తలతోపాటే ఒళ్లూ మండింది. అదేం పాడు అలవాటో, సిగ్గేసినా నాకు ముందు కోపమే వస్తుంది.

"ఏం మాట్లాడుతున్నారండీ మీరు? మా సార్ పొద్దున్నే స్నానం చేసి వెళ్లారు. మేనేజర్ని పిలవమంటారా?"

"పిలవండి," అంది, మంచమ్మీద రెండు టవళ్లూ పరుస్తూ. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "ఇది మీరు తుడుచుకున్నది. నడిమధ్య తడి, కొసలు పొడి. ఈ మూల జుట్టు ఒత్తుకున్నారు, నూనె మరక అంటింది. ఇక రెండోది చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తడి. ఒంటిని తుడిచిన టవలు ఇలా ఉండదు మేడం. కుళాయి కింద పెట్టినదే ఇలా ఉంటుంది. మంగళవారం పొద్దున్నే తెలిసింది నాకు."

నేను ఆ టవళ్ల వంక చూస్తూ ఉండిపోయాను. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి నేను రోజూ చెప్పే పాఠం అదే మరి. పళ్లన్నీ ఒకే వరసలో, ఒకే తెల్లగా పేర్చకండర్రా, ఇట్టే దొరికిపోతారు. ఒక పన్ను కాస్త వంకరగా పెట్టండి, ఒకదానికి కొంచెం పసుపు తగిలించండి, అప్పుడే నోట్లో మొలిచినట్టుంటుంది అని. పదకొండేళ్ల సర్వీసు! ఊరందరి నోళ్లలో దొంగ పళ్లు పెట్టి ఎవరికీ అనుమానం రానివ్వనిదాన్ని, దొంగ మొగుణ్ణి మాత్రం ఒక్క పూట నిలబెట్టలేకపోయాను.

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలియదు. దుప్పటి తీసేసిన మంచం అంచున కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. ఆవిడ నా పక్కన కూర్చుని, కొసలు పొడిగా ఉన్న టవలు నా చేతికిచ్చింది.

"పోయారా తల్లీ?"

"లేదక్కా, బతికే ఉన్నాడు. నాతో ఉండలేనని వెళ్లిపోయాడు."

"అయ్యో."

"వస్తాడేమోనని కూర్చున్నాను. ఇంత సిగ్గుమాలిన పని ఇంకోటి ఉందా చెప్పు? వద్దని పోయిన మనిషి కోసం దిండుకి గుంటలు పెట్టుకుంటూ!"

"నువ్వు సిగ్గుపడాల్సిందేముంది?" అంది. ఎప్పుడు నువ్వులోకి దిగిందో నేనూ గమనించలేదు, హాయిగానే అనిపించింది. కాసేపు తాళాల గుత్తి సవరించుకుంది. తర్వాత, చెప్పాలా వద్దా అని తనలో తనే తేల్చుకున్నట్టు, "నీ కోసం ఫోనొస్తోంది," అంది.

"ఏంటీ?"

"బుధవారం ఒకసారి, నిన్న ఒకసారి. సరిగ్గా పదింటికి. పొద్దున పూట కౌంటర్లో గదులు ఖాళీ చేసేవాళ్ల హడావిడి కదా, గదుల సంగతి ఎవరడిగినా నా దుప్పట్ల గదికే కలుపుతారు. ఎవరో మగమనిషి. ఆ అమ్మాయికి కావలసినవాణ్ణి అన్నాడు. వేళకి తింటోందా అనడిగాడు. తనకి చెప్పొద్దు అన్నాడు."

"గొంతెలా ఉంది?"

"ఆ ఫోనులో ఎవరి గొంతైనా బొంగురే. ఏం తెలుస్తుంది?"

"ఇంకేం అడిగాడు?"

"గదిలో ఎంతమంది ఉన్నారని."

"నువ్వేం చెప్పావు?"

"ఇద్దరున్నారని," అంది ఆవిడ. నా మొహం చూసి, "నీ టవలు చూసి కాదులే," అని చిన్నగా నవ్వింది. "అది మా పద్ధతి. ఆడమనిషి ఒక్కతే దిగిందనుకో, ఎంతమంది ఉన్నారని ఎవరు అడిగినా సరే, తండ్రినన్నా తమ్ముణ్ణన్నా సరే, ఇద్దరనే చెప్తాం. ఎవడి బుద్ధి ఎలాంటిదో ఎవరికి తెలుసు? నేను చేరిన ఏడాదే ఇక్కడొక గొడవ జరిగింది. అప్పట్నుంచీ ఇంతే. ఇరవై రెండేళ్లుగా ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు."

ఆవిడ చెప్పేది నా చెవికెక్కితే కదా! ఆయనే. ఇంకెవరు? సెల్లు ఆపేసుకుని, నాకు తెలియకుండా హోటలుకి చేసి, తిన్నానా లేదా అని అడుగుతున్నాడు. అచ్చం ఆయన పద్ధతే అది. అడగాల్సింది ఏడేళ్లలో ఒక్కనాడూ సూటిగా అడిగిన మనిషి కాదు. కాఫీ కావాలంటే "పాలు ఉన్నాయా?" అని అడిగే రకం. వద్దనుకున్నవాడు తిందా లేదా అని ఎందుకడుగుతాడు? ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని గడియారం చూశాను. పదికి ఆరు నిమిషాలు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఆ ఫోను నేను తీస్తాను."

"తీద్దువుగానీ, ముందు మొహం కడుక్కో," అంది. "ఫోనులో కనపడదనుకో. అయినా కడుక్కో."

దుప్పట్ల గది వరండా చివర ఉంది. కిటికీ లేదు. గోడల పొడుగునా చెక్క బీరువాలు, ఇస్త్రీ దుప్పట్లు, సైజుల వారీగా దిండు గలీబులు. గంజి వాసన. మూలన వేడి తగ్గని ఇస్త్రీపెట్టె. గోడకి ఒక పాత ఫోను, దాని వైరు మెలికలు పడి బిగుసుకుపోయి ఉంది. ఆవిడ స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి, తను గలీబులు మడతపెడుతూ నిలబడింది. ఏమనాలో మనసులో అనుకుంటున్నాను. కోపంగా ఉండాలి. లొంగిపోకూడదు. కనీసం మొదటి నిమిషం.

ఫోను మోగింది. మొదటి రింగు పూర్తికాకుండానే తీశాను.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అన్నాను. కోపంగానే అనబోయాను, బతిమాలినట్టొచ్చింది. "ఏమండీ... మాట్లాడండి."

అవతల ఒక దగ్గు. ఆ తర్వాత నవ్వు.

"నేనమ్మాయ్, మామయ్యని! దొరికిపోయానన్నమాట. నువ్వు తీశావేంటి ఫోను?"

మా మామగారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో నన్ను 'మన అమ్మాయి' అని పిలిచే ఒకే ఒక్కడు. పెళ్లైన ఏడాది ఆయనకి నేనే పళ్ల సెట్టు చేసిచ్చాను. దిగులుగా ఉంటే అది డబ్బాలోనే ఉంటుంది, మాటలు గాలిగా వస్తాయి. ఇవాళ ప్రతి మాటా గట్టిగా, స్పష్టంగా వస్తోంది. ఆయన సంతోషంగా ఉన్నాడు. నేను ఫోను వైరు వేలికి చుట్టుకున్నాను. మా ఆయన కాదు. నా కోసం ఫోను చేసింది మా ఆయన కాదు.

"ఏమ్మా, పలకవేం? కోపమొచ్చిందా? మీ ఇద్దరి మధ్యలో దూరకూడదనే హోటలుకి చేశాను. వాడి ఫోను చూస్తే ఆపేసి ఉంది. సరే, ఒకసారి వాడికివ్వు."

"ఎవరికి మామయ్యా?"

"ఎవరికేంటమ్మా! మీ ఆయనకి!"

తాళాలక్క చేతిలో గలీబు ఆగిపోయింది. ఆ పాత ఫోనులో మాటలు పక్కనున్నవాళ్లకి కూడా వినపడతాయి.

నాకు సంగతి అర్థమైంది. అర్థమైందనుకున్నాను. తండ్రి పోరు తప్పించుకోడానికి 'దాని దగ్గరికి వెళ్తున్నా' అని చెప్పి, స్నేహితుడి గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. ఇక్కడ నేనేమో ఆయన పేరున టవళ్లు తడుపుతున్నాను. హోటలువాళ్లేమో ఇద్దరున్నారని చెప్పారు. ముసలాయన కొడుకుదీ హోటలువాళ్లదీ అబద్ధం నమ్మి కూర్చున్నాడు.

"స్నానం చేస్తున్నారు మామయ్యా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ గొంతులో సంతోషం ఇంకో నిమిషం ఉండనిద్దామనిపించింది.

"చెయ్యనీ చెయ్యనీ. మంచిదే, నీతోనే చెప్పాలి నేను. ఎప్పట్నుంచో చెప్పాలి. వాడు కాగితాలు రాయించాడమ్మా. విడిపోవడానికి. నువ్వు తిరిగొచ్చాక నన్నే ఇవ్వమన్నాడు, తను నీ మొహం చూడలేడట. సోమవారం సాయంత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. నేను తిట్టాను. తిట్టి తిట్టి, చివరికి ఏడ్చాను. ఎందుకో తెలుసా? ఈ పాపం నాది."

"మీదేంటి మామయ్యా?"

"పెళ్లికి ముందే వద్దన్నాడు వాడు. నాకిప్పుడు వద్దు నాన్నా, నేనింకా సిద్ధంగా లేను అన్నాడు. పిల్ల బంగారం, నోరు మూసుకో అని నేనే మెడలు వంచాను. ఏడేళ్లు నీ చేతి కాఫీ తాగిన ప్రతిసారీ భయమేసేదమ్మా, ఎప్పుడు బయటపడుతుందో అని."

ఏడేళ్లు. నేను ఆయన పక్కన కూర్చుని టీవీ చూసిన ఏడేళ్లు. నచ్చానా అని ఒక్కసారి అడిగితే "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ పట్టుకుని బతికాను. నేనంటే ప్రాణం పెట్టే ఈ ముసలాయనే నన్ను ఇష్టంలేని మనిషికి కట్టబెట్టాడు. ఆ సంగతి ఇంత సంబరంగా చెబుతున్నాడు. తిట్టాలనిపించింది.

"కానీ చూడు," అంటున్నాడాయన, "ఆ రాత్రి వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు పంపిన నంబరు చూసుకుంటూ కూర్చున్నాడు. మంగళవారం తెల్లారగానే లేచి, 'నాన్నా, నేను అక్కడికి వెళ్తున్నా' అన్నాడు. ఎవరూ చెప్పలేదమ్మా, ఎవరూ తొయ్యలేదు. తనంతట తను. పుట్టి బుద్ధెరిగాక వాడు తనంతట తను తీసుకున్న మొదటి నిర్ణయం అదే. హోటలుకి ఫోను చేస్తే ఇద్దరూ ఉన్నారన్నారు. రెండు రోజులు ఆగి చూశాను. ఇవాళ పొద్దున్నే ఆ కాగితాలు చింపేశానమ్మాయ్. ముక్కలు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను!"

ఇక నా వల్ల కాలేదు. ఇంతమందికి చెప్పిన అబద్ధం ఆయన దగ్గర కొనసాగించలేకపోయాను.

"మామయ్యా," అన్నాను, "ఈ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను."

"ఆఁ, వాడు స్నానానికి వెళ్లాడన్నావుగా."

"లేదు. ఆయన రాలేదు. ఒక్కరోజు కూడా రాలేదు. మీకు చెప్పింది అబద్ధం. స్నేహితుడి గదిలోనే ఉండుంటారు, ఒకసారి కనుక్కోండి."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"స్నేహితుడెక్కడమ్మా? మంగళవారం వాణ్ణి బస్సెక్కించింది ఆ అబ్బాయే. మీరున్న ఆ ఊరి బస్సే. టికెట్ కూడా తనే తీసిచ్చాడట, బస్సు కదిలేదాకా ఉన్నాడట." పళ్లు తీసేశాడేమో, ఆయన మాటలు గాలిగా రావడం మొదలైంది. "అమ్మాయ్... మరి వాడెక్కడ?"

నేను తలెత్తాను. తాళాలక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో గలీబు కింద పడింది, తీసుకోలేదు.

"మంగళవారం సాయంత్రం," అంది, "కౌంటర్ అమ్మాయి టీకి వెళ్తే కాసేపు నేను కూర్చున్నాను. ఒకతను వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి... నీ గది నంబరు చెప్పి, మేడం ఒక్కరే ఉన్నారా అనడిగాడు."

"అక్కా."

"మీరేమవుతారు అన్నాను. ఏమీ కానండీ అన్నాడు."

"ఏం చెప్పావక్కా?"

ఆవిడ ఏడుస్తోంది. "అందరికీ చెప్పేదే చెప్పాను తల్లీ. ఇద్దరున్నారని. సరేనండీ అన్నాడు. కాసేపు అలా సరస్సు గట్టు మీద నడిచొస్తాను, ఇది ఇక్కడ ఉంచుతారా అన్నాడు. ఇక్కడికి తెచ్చి పెట్టాను, మళ్లీ రాలేదు."

ఫోనులో మామయ్య "అమ్మాయ్, అమ్మాయ్" అంటూనే ఉన్నాడు. తాళాలక్క వెళ్లి తలుపు ముందుకి లాగింది. దాని వెనక, గోడవార, మా ఆయన బ్యాగు ఉంది.